బాలాలో చెవుల కొలత

ఇంజన్ కాదు, గాలి, అంది హెలెద్.
హెల్మెట్ కింద మెడ చుట్టూ సుడి తిరిగే గాలే
ఇన్నేళ్ళూ నీ చెవులు కొరుక్కు తిన్నది.

నేను ఇంజన్నే తిట్టుకుంటూ వచ్చాను.
ఇరవై రెండేళ్ళ బండి,
కింద వీధిలో వానకి తడుస్తూ నిలబడి ఉంది
చేయని తప్పుకి మాట పడ్డ మనిషిలా.

గొర్రెల మందుల కొట్టు పైన గది.
మెట్ల నిండా తడి ఉన్ని వాసన.
బల్ల మీద పసిబిడ్డ తలంత మైనపు చెవి,
విప్పి చూపించింది:
ఇది దారి, ఇది మొదటి మలుపు, ఇది రెండోది.
అచ్చు రెండో మలుపు దాటాలి,
దాటకపోతే డబ్బు దండగ.

నురుగు బిళ్ళలు ఎన్ని మార్చానో.
పెట్రోలు బంకులో గుప్పెడు కొని
వేళ్ళతో నలిపి దూర్చుకునేవాణ్ణి.
ఎడమది ఉండేది.
కుడిది కొండ ఎక్కేలోపే జారి
హెల్మెట్‌లో ఎక్కడో దొర్లుతూ ఉండేది.

ఇద్వల్ అయితే అవీ పెట్టలేదు.
చెవులు మూసుకుంటే రోడ్డేం వినపడుతుందిరా, అనేవాడు.
ఇప్పుడు పబ్బులో అందరూ నవ్వాక
ఒక్క క్షణం ఆగి
మొహాలు చూసి నవ్వుతాడు.

శుక్రవారం రాత్రి నాది రక్తం డ్యూటీ. జీతం లేదు.
రెక్స్‌హమ్‌లో పెట్టె ఎత్తుకుని
కొండ దాటి ఇంకో ఆసుపత్రిలో దించాలి.
ఎవరిదో రక్తం, ఎవరికో,
మధ్యలో నేను, మంచు, ఒక నక్క.
తెల్లారగట్ల ఇంటికొచ్చి పడుకున్నాక
మొదలవుతుంది కీచురాయి.
జనవరిలో కూడా.
కిటికీ మూస్తే ఇంకా దగ్గరికొస్తుంది.

దారం కట్టిన దూదిబిళ్ళ లోపలికి తోసి
పళ్ళ మధ్య చెక్కముక్క పెట్టింది.
హెల్మెట్‌లో దవడ ఎలా ఉంటుందో అలా ఉంచు,
అయిదు నిమిషాలు మాట్లాడకు.
చల్లటి గులాబీ ముద్ద
పిచికారీలోంచి వచ్చి నిండింది,
చెరువు గండి పూడ్చినట్టు.

వాన ఆగిపోయింది.
హెలెద్ పెదవులు కదిలాయి, మాట లేదు.
అప్పుడు విన్నాను,
దబ్, దబ్,
పెట్టె లేకుండా, సంతకం లేకుండా
రాత్రీ పగలూ నాలోనే డ్యూటీ చేస్తున్న నా రక్తాన్ని.
కీచురాయి దాని పక్కనే కూర్చుని ఉంది.
ఇద్దరికీ ఎప్పటినుంచో పరిచయం ఉన్నట్టుంది.

బయటికి లాగితే చుప్ అంది.
అరచేతిలో రెండు గులాబీ ముద్దలు,
ఒకదాని కొసన ఇంత గులిమి. సిగ్గేసింది.
కుడిదానికి చిన్న గూని.
అందుకే నిలవలేదన్నమాట,
నేను నా వేళ్ళనే అనుకున్నాను.

ఏమేం వినాలి నీకు? అంది, ఫిల్టర్ల డబ్బా తెరిచి.
సైరన్. వెనక లారీ. గేరు పడిన టక్.
రోడ్డు మధ్య పడుకున్న గొర్రె దగ్గు.
దగ్గుకి ఫిల్టర్ లేదు, అంది.
పాటలొచ్చే తీగ వద్దన్నాను.
రంగు? చీకట్లో రంగేం చేసుకోను,
కుడిదాని మీద ఒక బొడిపె పెట్టించు,
గ్లవ్ తీస్తే వేలికి తెలిసేలా.

నూట నలభై పౌండ్లు.
వెనక టైరు ధర.
టైరుకి ఇంతసేపు ఆలోచించలేదు ఎన్నడూ.

పోయింది తిరిగొస్తుందా? అడిగాను, కోటు తొడుక్కుంటూ.
మైనపు చెవిని మూసింది హెలెద్,
మలుపులన్నీ లోపలికెళ్ళిపోయాయి.
రాదు. ఉన్నది ఉంటుంది.
మూడు వారాలకి రా. ఇద్వల్‌ని కూడా తీసుకురా.

ఎలా చెప్పను?
అరిస్తే కోప్పడుతున్నానంటాడు.
పలక మీద సుద్దతో రాసి చూపిస్తాను.
ఇంటి కప్పులూ, సమాధి రాళ్ళూ కూడా పలకలే మా దగ్గర,
ఒకటి దొరక్కపోదు.